విరిగిన స్టడ్డు, విట్‌వర్త్ మర

మా నాన్న బండి సైలెన్సర్ స్టడ్ విరగ్గొట్టింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నా.

బైక్ గురించి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇంజన్ హెడ్డు దగ్గర సైలెన్సర్ పైపు మొదలయ్యే చోట రెండు స్టడ్‌లు ఉంటాయి. స్టడ్ అంటే తల లేని బోల్టు. ఒక కొస హెడ్డులోకి మరతో దిగి ఉంటుంది, రెండో కొసకి నట్టు బిగిస్తారు. ఆ రెండు నట్లే పైపుని హెడ్డుకి అదిమి పట్టుకుంటాయి. మధ్యలో గ్యాస్కెట్ ఒకటి. మా బండికి ఆ గ్యాస్కెట్ పోయి, స్టార్ట్ చేస్తే ఫట్ ఫట్‌మని వీధంతా వినిపిస్తోంది. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళా. కొత్త గ్యాస్కెట్, పది నంబర్ పానా, ఫోన్‌లో ఒక వీడియో. ఇంతే కదా పని అనుకున్నా.

మొదటి నట్టు మూలుగుతూ వచ్చింది. రెండోది కదల్లేదు. పానాకి ఇనప గొట్టం తొడిగి ఊగాను. టక్కుమంది. నట్టు వదిలిందనుకుని ఒక సెకను సంతోషపడ్డా. చూస్తే నట్టుతో పాటు సగం స్టడ్ చేతిలోకి వచ్చేసింది. మిగతా సగం హెడ్డు అంచుకి సమానంగా విరిగి లోపలే ఉండిపోయింది. పట్టుకుని తిప్పడానికి గోరంత ముక్క కూడా బైట లేదు.

అక్కడితో ఆగి ఉంటే బావుండేది. వీడియోలో ఆయన విరిగిన స్టడ్‌కి మధ్యలో బెజ్జం వేసి, అందులో ఎక్స్‌ట్రాక్టర్ దించి తిప్పి తీసేశాడు. పక్కింట్లో డ్రిల్లింగ్ మిషన్ ఉంది. స్టడ్ ఇనుము, గట్టిది. హెడ్డు అల్యూమినియం, మెత్తన. విరిగిన మొహం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి డ్రిల్ బిట్ గట్టి దాని మీద నిలబడకుండా మెత్తటి వైపు జారుతుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. బెజ్జం వంకరగా పడి, ఒక పక్క హెడ్డు మరని కొంచెం తినేసింది. నాన్న నిద్ర లేచి వచ్చి చూశాడు. ఏమీ అన్లేదు. రోజూ ఆ బండి మీదే డ్యూటీకి వెళ్తాడు. తిట్టినా బావుండేది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బండిని తోసుకుంటూ మెయిన్ రోడ్డు మీద మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్ళాం. నాన్న అక్కణ్ణించి బస్సెక్కి వెళ్ళిపోయాడు. బాబాయ్ వంగి చూసి, ఎక్స్‌ట్రాక్టర్ పెట్టావా అని మొదట అడిగాడు. లేదన్నాను. బతికించావు అన్నాడు. చిన్న స్టడ్‌లో ఎక్స్‌ట్రాక్టర్ విరిగితే అది స్టడ్ కంటే గట్టి ఉక్కు, ఇక డ్రిల్ బిట్ కూడా ఎక్కదు, హెడ్డు మార్చుకోవడం దాకా పోతుందట. నా బెజ్జం గురించి మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. తుప్పు వదిలే నూనె రెండు చుక్కలు వేసి, వెల్డింగ్ చెయ్యాలి, కరెంటు రావాలి, సాయంత్రం దాకా ఆగు అన్నాడు. ఆ తర్వాత రేకు డబ్బా కుమ్మరించి, వెతికి, కొత్త స్టడ్ ఒకటి తీసి నా పక్కన బల్ల మీద పెట్టాడు.

ఆ డబ్బాలో అలాంటివి బోలెడు ఉన్నాయి. ఎవరు చేశారో తెలీదు, విజయవాడ ఆటోనగర్ నించి తెచ్చుకున్నవట. బండి ఇంకెక్కడో తయారైంది. అయినా ఆ ముక్క బైటికి వస్తే ఇది లోపలికి దిగుతుందా లేదా అన్న అనుమానం బాబాయ్‌కి లేనే లేదు. ఆరు మిల్లీమీటర్ల లావు, మరకీ మరకీ మధ్య ఒక మిల్లీమీటరు. అంతే. ఇలా అని ఎవరు ఒప్పించారు అందర్నీ? కరెంటు లేదు, చార్జింగ్ మాత్రం ఉంది. సాయంత్రం దాకా ఆ బల్ల మీద కూర్చుని చదివిందీ, కాలేజీకి వచ్చాక లైబ్రరీలో చదివిందీ కలిపి రాస్తున్నా. ఇది జోసెఫ్ విట్‌వర్త్ కథ.

ఆయన 1803 డిసెంబరు 21న ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో పుట్టాడు. మాంచెస్టర్‌ని ఆనుకుని ఉన్న ఊరు. తండ్రి బడిపంతులు, తర్వాత చర్చి పాస్టర్ అయ్యాడు. జోసెఫ్‌కి పదేళ్ళప్పుడు తల్లి చనిపోయింది. పద్నాలుగో ఏట డెర్బీషైర్‌లో మేనమామో బాబాయో (ఇంగ్లీషులో అంకుల్ అని రాస్తే మనకిదే తలనొప్పి) నడిపే నూలు మిల్లులో పనికి పెట్టారు. వ్యాపారం నేర్చుకుని అందులోనే స్థిరపడాలని పెద్దవాళ్ళ ఆలోచన. కుర్రాడికి లెక్కల పుస్తకం కంటే మిషన్లంటే ఇష్టం. మిల్లులో ఉన్న ప్రతి మిషనూ ఎలా నడుస్తుందో తెలుసుకున్నాడు. తెలుసుకున్న కొద్దీ అవి ఎంత అడ్డదిడ్డంగా తయారయ్యాయో కూడా తెలిసింది. పద్దెనిమిదేళ్ళకి ఎవరికీ చెప్పకుండా మాంచెస్టర్ పారిపోయి వర్క్‌షాపులో మామూలు మెకానిక్‌గా చేరాడు. మన వయసే. మనం ఎంసెట్ కౌన్సెలింగ్‌లో బ్రాంచ్ మార్చుకోవడానికే పది మందిని అడిగాం.

1825లో ఫానీ ఆంకర్స్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కాలవల మీద సరుకు పడవ నడిపే వాళ్ళ అమ్మాయి. అదే ఏడాది ఇద్దరూ లండన్ వెళ్ళారు. అక్కడ హెన్రీ మాడ్‌స్లే వర్క్‌షాపులో పని దొరికింది. ఆ రోజుల్లో మెకానిక్‌లకి అది ఇప్పటి మనవాళ్ళ భాషలో డ్రీమ్ కంపెనీ. లేత్ మీద మర కొయ్యడంలో మాడ్‌స్లేని మించినవాడు లేడు. విట్‌వర్త్ అక్కడ కొన్నేళ్ళు, తర్వాత వేరే చోట కొన్నాళ్ళు చేసి, జోసెఫ్ క్లెమెంట్ అనే ఆయన దగ్గర చేరాడు.

ఇక్కడ సీఎస్‌ఈ వాళ్ళు లేచి కూర్చోవాలి. ఛార్లెస్ బాబేజ్ డిఫరెన్స్ ఇంజన్ గురించి మనం ఫస్టియర్ మొదటి యూనిట్‌లో ఒక లైను చదివి రెండు మార్కులకి రాసి వదిలేశాం. ఆ మిషన్ ముక్కలు చేస్తున్న వర్క్‌షాపు ఈ క్లెమెంట్‌దే. అంటే మన కంప్యూటర్ల ముత్తాత పళ్ళచక్రాలు తయారవుతున్న చోట విట్‌వర్త్ చేతులు నల్ల చేసుకున్నాడు. బాబేజ్ లెక్కలో లోపం లేదు. వేల ముక్కలు ఒకదానికొకటి సరిగ్గా సరిపోయేలా చెయ్యాలి, అదీ కష్టం, అదీ ఖర్చు. డబ్బు దగ్గర బాబేజ్‌కీ క్లెమెంట్‌కీ చెడి 1833లో పని ఆగిపోయింది. అదే ఏడాది విట్‌వర్త్ మాంచెస్టర్ తిరిగొచ్చి, ఛోర్ల్‌టన్ స్ట్రీట్‌లో చిన్న స్థలం అద్దెకి తీసుకుని సొంతంగా పనిముట్లు చేసే దుకాణం పెట్టాడు. లండన్ నించి వచ్చినవాణ్ణని బోర్డు మీద రాయించుకున్నాడు కూడా. అమెరికా రిటర్న్ అని రాసుకోవడం లాంటిదే.

ఆయన చేసిన వాటిలో నాకు బాగా నచ్చింది మర కాదు, చదును పలక. నిజంగా చదునైన ఇనప పలక ఎలా చెయ్యాలి? అప్పటిదాకా రెండు పలకల మధ్య పొడి వేసి ఒకదాని మీద ఒకటి రుద్దేవాళ్ళు. రుద్దితే రెండూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు సరిపోతాయి, కానీ ఒకటి కొంచెం ఉబ్బి, రెండోది కొంచెం గుంట పడి ఉండొచ్చు. రెండూ తప్పే, కానీ జత కుదిరింది. ల్యాబ్ రికార్డు ఇద్దరం ఒకరిది ఒకరం చూసి రాసుకుంటే జవాబులు కలుస్తాయి కదా, అలా. విట్‌వర్త్ పద్ధతిలో మూడు పలకలు. మొదటిది రెండోదానితో, రెండోది మూడోదానితో, మూడోది మళ్ళీ మొదటిదానితో సరిపోవాలి. ఉబ్బూ గుంటా ఉంటే మూడు జతల్లో ఎక్కడో ఒక చోట దొరికిపోతుంది. పలక మీద పల్చగా రంగు పూసి, రెండోది ఆనించి, రంగు అంటిన ఎత్తు చోట్లని మాత్రం చేత్తో గీకడం. మళ్ళీ ఆనించడం, మళ్ళీ గీకడం. రుద్దడం వద్దు, గీకండి అన్నదే ఆయన పట్టు. ఇది మాడ్‌స్లే దగ్గర ఉన్నప్పుడే మొదలెట్టాడు. 1840లో గ్లాస్గోలో పెద్ద సైంటిస్టుల సభలో చదివి వినిపించాడు. ఇప్పుడు కూడా ల్యాబ్‌లో పెట్టే సర్ఫేస్ ప్లేట్ వెనక ఉన్నది ఈ మూడు పలకల ఆలోచనే. దానికి ఏ కొలబద్దా అక్కర్లేదు. కొలబద్ద తప్పయితే అన్న ప్రశ్నే రాదు.

ఇప్పుడు మర దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో ఏ వర్క్‌షాపు మర ఆ వర్క్‌షాపుదే. ఒకడు అంగుళానికి పది చుట్లు కోస్తాడు, ఇంకొకడు పదకొండు. ఒకడిది నిటారు మర, ఒకడిది వాలు. ఏ బోల్టుకి ఏ నట్టో గుర్తు పెట్టుకోవాలి, కలిసిపోతే చచ్చామే. లీడ్స్‌లో చేసిన మిషన్‌కి మాంచెస్టర్‌లో బోల్టు విరిగితే మా బాబాయ్ లాంటి వాడికి రేకు డబ్బా ఉండే అవకాశమే లేదు. కొత్తది మళ్ళీ కోసుకోవాలి. కొన్నేళ్ళ క్రితం దాకా ఇంట్లో నాలుగు ఫోన్లకి నాలుగు రకాల చార్జర్లు ఉండేవి, గుర్తుందా? దేశం మొత్తం ఇనుముతో అలా ఉండేది. అప్పుడే రైళ్ళు కూడా మొదలయ్యాయి. ఒక ఊళ్ళో చేసిన ఇంజన్ ఇంకో ఊళ్ళో చెడిపోవడం కూడా మొదలైందన్నమాట.

విట్‌వర్త్ ఏం చేశాడంటే, ఇంగ్లండ్‌లోని పెద్ద పెద్ద వర్క్‌షాపుల నించి బోల్టులు తెప్పించుకున్నాడు. కొలిచాడు. సగటు తీశాడు. అంతే! గొప్ప ఆవిష్కరణ అనుకుంటే నిరాశే. మర పక్కల మధ్య కోణం అందరిదీ కలిపి సగటు చూస్తే దాదాపు 55 డిగ్రీలు వచ్చింది, 55 పెట్టాడు. మర శిఖరంలోనూ లోయలోనూ ఆరో వంతు గుండ్రం చెయ్యమన్నాడు, వాడిగా ఉంటే తొందరగా దెబ్బ తింటుంది కాబట్టి. పావంగుళం బోల్టుకి అంగుళానికి 20 చుట్లు, అరంగుళానికి 12, అంగుళానికి 8. ఇదంతా 1841లో లండన్‌లో సివిల్ ఇంజినీర్ల సంస్థ ముందు పెట్టాడు.

నేను ఎంత ఆలోచించినా 55లో ప్రత్యేకత ఏమీ కనపడలేదు. 54 అయినా పని చేస్తుంది. ఆయనకి కూడా ఆ సంగతి తెలిసే ఉంటుందని నా అనుమానం. తనదే బెస్ట్ మర అని ఒక కొత్త డిజైన్ తెచ్చి ఉంటే, ఇప్పటికే ఉన్న వందకి నూటొకటోది అయ్యేది. సగటు కాబట్టి ఎవరికీ మరీ దూరం కాదు, ఎవడూ మరీ ఓడిపోయినట్టు కాదు. పైగా ఆయన ఊరికే పేపర్ చదివి కూర్చోలేదు. ఆ మర కోసే ట్యాప్‌లూ డైలూ తనే తయారు చేసి అమ్మాడు. ఒప్పుకోవడం కంటే ఒప్పుకోకపోవడం కష్టమయ్యేలా చేశాడు. మెల్లగా రైల్వే కంపెనీలు ఒప్పుకున్నాయి, ఆ వెనక మిగతావాళ్ళు. చట్టం ఏమీ లేదు, ఎవరూ బలవంతపెట్టలేదు.

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఆయన మిషన్లే ఒక వరస. అంగుళంలో పది లక్షల వంతు తేడాని పట్టే కొలిచే మిషన్ ఒకటి చేశాడు. చేత్తో ముట్టుకుంటే ఆ వేడికి ఉక్కు కడ్డీ పెరగడం కూడా దానికి తెలిసిపోయేదట. కంటితో కాదు, స్పర్శతో కొలిచేది అది. రెండు కొసల మధ్య చిన్న ముక్క పట్టి ఉంటుందా జారుతుందా, అదే కొలత.

క్రిమియా యుద్ధం వచ్చినప్పుడు బ్రిటన్‌కి అర్జంటుగా చిన్న యుద్ధ పడవలు కావాల్సొచ్చాయి. ఒక ఇంజన్‌ని విప్పి, ముక్కలని వేరే వేరే వర్క్‌షాపులకి నమూనాగా పంపి, అందరూ చేసినవి ఒక చోట బిగించి, 90 రోజుల్లో 90 ఇంజన్లు నిలబెట్టారని ఇంజినీరింగ్ చరిత్రలో తరచూ చెప్తారు. పదిహేనేళ్ళ ముందయితే బిగించే దగ్గరే ఆగిపోయేవాళ్ళు.

ఇక్కడి దాకా చదివి నేను ఈయన్ని మనసులో హీరోని చేసేసుకున్నా. తర్వాతి భాగం అంత హాయిగా ఉండదు.

1854లో ప్రభుత్వం ఎన్‌ఫీల్డ్ తుపాకులు చేసే మిషన్ల కోసం ఈయన్ని అడిగింది. మిషన్ సంగతి తర్వాత, అసలు తుపాకీ గురి ఎందుకు తప్పుతుందో చూద్దాం అన్నాడు. మాంచెస్టర్‌లో తన ఇంటి ఆవరణలో 500 గజాల పొడుగు షెడ్డు కట్టించి, దారి పొడుగునా పల్చటి కాగితపు తెరలు వేలాడదీసి, గుండు ఏ తెరని ఎక్కడ చిల్లు పొడిచిందో చూసి దాని దారి గీశాడు. గాలివానకి షెడ్డు కూలితే మళ్ళీ కట్టించాడు. చివరికి గుండ్రటి గొట్టం బదులు ఆరు పలకల గొట్టం చేశాడు. గొట్టం లావు 0.451 అంగుళాలు, ఎన్‌ఫీల్డ్‌ది 0.577. 1857 పరీక్షల్లో ఎన్‌ఫీల్డ్‌ని చిత్తుగా ఓడించింది. ఆ ఏడాదే ఆ ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు దగ్గర మన దేశంలో సిపాయిలు తిరగబడ్డారు. 1860లో వింబుల్డన్‌లో రైఫిల్ పోటీలు మొదలైనప్పుడు విక్టోరియా రాణి చేత మొదటి గుండు పేల్పించింది విట్‌వర్త్ తుపాకీతోనే. స్టాండులో బిగించి, ఆవిడ పట్టుతాడు లాగితే, 400 గజాల దూరంలో నడిబొడ్డుకి ఒకటింబావు అంగుళం పక్కన తగిలింది.

సైన్యం మాత్రం వద్దంది. గొట్టం మరీ సన్నం అంది. ఖరీదు ఎన్‌ఫీల్డ్‌కి నాలుగింతలు. పేల్చిన కొద్దీ మసి పట్టి గుండు దించడం కష్టమయ్యేది. ఈ అభ్యంతరాలు కొట్టిపారేసేవి కావు. ఆయన మాత్రం లొంగలేదు. మర విషయంలో అందరి సగటు తీసుకున్న మనిషి తుపాకీ దగ్గరికి వచ్చేసరికి తనదే సరైనదన్న పట్టు పట్టాడు. ఫిరంగుల దగ్గర ఆర్మ్‌స్ట్రాంగ్‌తో పోటీ కూడా అలాగే ఏళ్ళ తరబడి సాగింది. ఆ తుపాకీలు కొన్ని అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది వాళ్ళ చేతికి చేరాయి. బానిసత్వం నిలబెట్టడానికి పోరాడిన సైన్యం అది. అందులో ఏరి కోరిన షార్ప్‌షూటర్ల చేతుల్లో ఆ కచ్చితత్వం ఎలా పని చేసిందో చెప్పక్కర్లేదు. ఆఖరికి 1871లో బ్రిటిష్ సైన్యమే 0.450 అంగుళాల తుపాకీకి మారింది. మరీ సన్నం అన్న కొలతకే వచ్చిందన్నమాట, ఆయన తుపాకీకి కాదు.

ఎన్‌ఫీల్డ్ పేరు మనకి బుల్లెట్ ట్యాంకు మీద తెలుసు. ఆ బండి పేరు ఈ తుపాకుల ఫ్యాక్టరీ ఊరిదే. ఆ ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చిన కంపెనీ తర్వాత తన సైకిళ్ళకీ మోటారు సైకిళ్ళకీ ఆ పేరు పెట్టుకుంది. 1955 నించి మద్రాసులో తయారైంది. మా బాబాయ్ దగ్గర ఇప్పటికీ పాత బుల్లెట్ల కోసం వేరే పానాల సెట్టు ఉంది. అందులో ఒకదాని మీద 1/4 అనీ, పక్కన డబ్ల్యూ అనీ ఉంది. నోరు కొలిస్తే పావంగుళం కాదు, అరంగుళం పైనే ఉంది! పానా తప్పనుకున్నా. విట్‌వర్త్ పానా మీద రాసేది నోరు వెడల్పు కాదు, బోల్టు లావు. బాబాయ్‌కి విట్‌వర్త్ ఎవరో తెలీదు. డబ్ల్యూ అంటే బుల్లెట్ పానా అని తెలుసు, అంతే.

మిగతా జీవితం తొందరగా చెప్పేస్తా. డబ్బు బాగా సంపాదించాడు. 1868లో పేద, మామూలు ఇళ్ళ కుర్రాళ్ళు ఇంజినీరింగ్ చదవడానికి ఏడాదికి 100 పౌండ్ల చొప్పున 30 స్కాలర్‌షిప్‌లు పెట్టాడు. చేతి పనీ, లెక్కా రెండూ వచ్చినవాడికే ఇమ్మన్నాడు. ఆ స్కాలర్‌షిప్‌లు ఇప్పటికీ ఉన్నాయి. 1869లో సర్ బిరుదు వచ్చింది. మరుసటేడు ఫానీ చనిపోయింది. తర్వాత మేరీ లూయిసా ఆరెల్‌ని చేసుకున్నాడు. ఇద్దరితోనూ పిల్లలు లేరు. డెర్బీషైర్‌లో, చిన్నప్పుడు మిల్లు వదిలి పారిపోయిన జిల్లాలోనే, పెద్ద బంగళాలో స్థిరపడ్డాడు. అక్కడికి వచ్చినవాళ్ళకి చూపించే వాటిలో ఒకటి ఇనప బిలియర్డ్స్ బల్ల. దాని చదును చూసి ఆశ్చర్యపోయేవాళ్ళట. పలకలు గీకిన చెయ్యి ఊరుకోదు కదా. చలికాలం ఆరోగ్యం కోసం మాంటీకార్లో వెళ్ళేవాడు. 1887 జనవరి 22న అక్కడే చనిపోయాడు. ఆస్తి చాలావరకు జనానికే పోయింది. మాంచెస్టర్‌లో ఆయన పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉంది. క్యాన్సర్‌కి పేరున్న క్రిస్టీ ఆసుపత్రి వెనక కూడా ఆ డబ్బుంది.

55 సంగతి ఏమైంది? 1864లోనే అమెరికాలో విలియం సెల్లర్స్ అనే ఆయన 60 డిగ్రీల కోణం, చదును శిఖరం ఉన్న మర తెచ్చాడు. గుండ్రం చెయ్యక్కర్లేదు, కొలవడం తేలిక, చవక. రెండు దేశాలూ రెండు మరలతో రెండు ప్రపంచ యుద్ధాలు పక్కపక్కన చేశాయి. ఒకరి నట్టు ఒకరికి పట్టక నానా తిప్పలు పడి, 1948లో 60 దగ్గర రాజీ పడ్డాయి. ఇప్పటి మిల్లీమీటర్ల మర కూడా 60 డిగ్రీలే. అంటే మా బండి స్టడ్ మీద ఉన్నది విట్‌వర్త్ మర కాదు. ఆయన అంకె ఓడిపోయింది.

పూర్తిగా కాదనుకోండి. మీ హాస్టల్ బాత్రూంలో కుళాయి విప్పి చూడండి. (వార్డెన్‌కి నా పేరు చెప్పొద్దు.) ఆ పైపు మర ఇప్పటికీ 55 డిగ్రీలే, అరంగుళం పైపుకి అంగుళానికి 14 చుట్లు. కెమెరా ట్రైపాడ్ మీద బిగించే పావంగుళం స్క్రూకి ఆయన పెట్టిన 20 చుట్లే ఉన్నాయి.

సాయంత్రం అయిదింటికి కరెంటొచ్చింది. బాబాయ్ నా వంకర బెజ్జం ఉన్న ముక్క మీద వెల్డింగ్ చుక్క పెట్టాడు. ఆరనిచ్చి, దాని మీద ఇంకో చుక్క. అలా స్టడ్ మొహం హెడ్డు కంటే కొంచెం పైకి లేచింది. చుట్టూ ఉన్నది అల్యూమినియం కాబట్టి ఇనప వెల్డింగ్ దానికి అంటదు, స్టడ్‌కే అంటుకుంటుంది. తర్వాత దాని మీద ఒక పాత నట్టు పెట్టి నట్టు లోపల్నించి వెల్డ్ చేశాడు. ఇప్పుడు విరిగిన ముక్కకి తల వచ్చింది. ఎర్రగా కాలిన స్టడ్ సాగి, ఏళ్ళుగా పట్టుకున్న తుప్పు పగులుతుందట. కొంచెం చల్లారాక పానా వేశాడు. నాలాగా ఊగలేదు. పిసరంత వదులు, పిసరంత బిగువు, మళ్ళీ నూనె. మొదటి నట్టు ఊడిపోయింది. రెండోది వెల్డ్ చేశాడు. అది కూడా ఊడింది. నాకు గొంతు ఎండిపోయింది. హెడ్డు పోతే ఆ నెల ఇంట్లో లెక్కలన్నీ మారిపోతాయని నాకు తెలుసు. మూడోసారి కీచుమంది. కదిలింది.

బైటికొచ్చిన ముక్క నా చిటికెన వేలి గోరు కంటే కొంచెం పెద్దది. బాబాయ్ ఆరు మిల్లీమీటర్ల ట్యాప్ తీసుకుని బెజ్జంలో మెల్లగా దింపి మర శుభ్రం చేశాడు. నేను తినేసిన పక్కన మొదటి రెండు చుట్లు పోయాయి, కింద బానే ఉన్నాయి, పట్టుకుంటుంది అన్నాడు. పొద్దుట్నించీ బల్ల మీద ఉన్న కొత్త స్టడ్‌ని వేళ్ళతోనే తిప్పాడు. చివరి దాకా దిగిపోయింది.

సరే, ఇంక గ్యాస్కెట్ వేసేద్దామా అన్నాను. రెండో స్టడ్ కూడా తుప్పు పట్టి ఉంది, ఇప్పుడే మార్చాలి అన్నాడు. దాని మీద రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి ఎదురు బిగించాడు. అలా బిగిస్తే రెండూ కదలవు, లోపలి నట్టు తిప్పితే స్టడ్ మొత్తం తిరుగుతుంది. గ్యాస్ మంటతో హెడ్డుని ఆ చుట్టూ వేడి చేసి, పానా నా చేతికిచ్చాడు. వద్దు బాబాయ్, నువ్వే తియ్యి అన్నా. వినలేదు. పావు చుట్టు తిప్పాను, కదిలింది. ఇంకాస్త తిప్పబోతుంటే మణికట్టు పట్టుకుని ఆపి, వెనక్కి తిప్పమన్నాడు.